లంగరు, సరంగు, లస్కర్: కోరంగి రేవు మన నోట్లో వదిలిన మాటలు



గోదావరి జిల్లాల్లో లస్కర్ అంటే ఎవరో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాలవ మీద లాకు తలుపులు ఎత్తేది, దించేది ఆయనే. నీటిపారుదల శాఖలో అదొక ఉద్యోగం పేరు. గోదావరి మీద లాంచీ నడిపే మనిషి సరంగు. కాకినాడ రేవులో సరుకు ఎత్తి దించేవాళ్ళు కళాసీలు. పడవ కదలకుండా ఉండాలంటే వేసేది లంగరు. ఇక మచిలీపట్నాన్ని మనవాళ్ళు ఈ రోజుకీ బందరు అనే పిలుస్తారు.

ఈ ఐదు మాటలూ ఫారసీ, అరబ్బీల నుంచి వచ్చినవే. లష్కర్ అంటే ఫౌజు. సర్‌హంగ్ అంటే ఒక దళానికి సర్దారు. ఖలాసీకి వేరు అరబ్బీలో ఉంది. లంగర్, బందర్ రెండూ ఖాలిస్ ఫారసీ. నేను ఉర్దూ మీడియం స్కూల్లో చదువుకుని, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. స్కూల్లో ‘లంగర్ అందాజ్ హోనా’ అనే ముహావరా నేర్చుకున్నాను. డిగ్రీలో లంగరు దేశ్యపదం అన్నంత ధీమాగా తెలుగు వాక్యాల్లో కనిపించింది. రెండు బళ్ళలోనూ ఒకే మాట.

ఇవి తెలుగులోకి ఎలా వచ్చాయి అని అడిగితే, నవాబులు పాలించారు కదా అంటారు. జిల్లా, తహసీలు, ఖజానా, జమాబందీ లాంటి కచేరీ మాటలకు ఆ జవాబు సరిపోతుంది. సముద్రం మాటలకు సరిపోదు. లంగరు గురించి ఏ నవాబూ ఫర్మానా జారీ చేయడు. ఆ మాట జహాజు మీద, పక్కపక్కన నిలబడి తాడు లాగే మజ్దూర్ల మధ్య ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోతుంది. ఇన్ని ఓడ మాటలు డెల్టా తెలుగులో ఇంకి ఉన్నాయంటే, ఇక్కడ అంత పెద్ద ఓడల సనత్ ఉండాలి. ఉంది కూడా. ఆ తారీఖ్ మన స్కూలు పుస్తకాల్లో ఒక పేరా కూడా నిండదు.

నర్సాపురం జహాజులు

కథ గోల్కొండ కుతుబ్‌షాహీల జమానాలో మొదలుపెట్టాలి. అప్పటి తీరంలో పెద్ద బందరు మచిలీపట్నం. కానీ బందరు దగ్గర ఓడలు కట్టడానికి తగిన లోతు నది లేదు. ఆ పని గోదావరి పశ్చిమ పాయ ఒడ్డున, నర్సాపురం పేటలో జరిగేది. నదికి లోతుంది, ఒడ్డు మెత్తటి మట్టి, ఎగువ అడవుల్లో టేకుంది. కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి వరద నీటిలో వదిలితే గోదావరే మోసుకొచ్చేది. ఇనుము పని చేసే కమ్మరులు, కొయ్యపని వడ్రంగులు, నార పేనేవాళ్ళు, తెరచాపలు కుట్టేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉండేవారు.

1614లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్‌ను మరమ్మత్తుకు తెచ్చింది ఈ నర్సాపురం పేటకే. 1665లో డచ్చివాళ్ళు ఇక్కడ స్థిరపడి ఇనుప కార్ఖానా పెట్టుకున్నారు. ఆ శతాబ్దం చివర్లో థామస్ బౌరీ అనే ఇంగ్లీషు సౌదాగర్ ఈ తీరం తిరిగి, నర్సాపురంలో ఏటేటా ఓడలు కడుతున్నారని, అక్కడి కారీగర్లు మంచి పనివాళ్ళని రాశాడు. తర్వాత ఇదే బౌరీ మలయ్ భాషకు ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేశాడు. ఓడలు, భాషలు కలిసే తిరిగేవన్నమాట.

నర్సాపురం ఆనుకుని ఉన్న మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ళ కోఠీ ఉండేది. అక్కడి నేత బట్ట ఎంత మశ్‌హూర్ అయిందంటే, ఊరి పేరు ‘మదపోలం’గా మారి యూరప్ నిఘంటువుల్లో ఒక రకం నూలు గుడ్డకు పేరుగా మిగిలిపోయింది. ఆ ఊరిలో చాలా భాగం నది కోతకు పోయింది. గుడ్డ పేరు మాత్రం బతికింది.

ఈ ఓడల మాలికులు ఎవరు? ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు ఉన్నాయి. వాళ్ళకంటే ముందు నుంచి బందరు తాజిర్లు ఉన్నారు. తెలుగు కోమట్లు ఉన్నారు, ఇరానీ సౌదాగర్లు ఉన్నారు. గోల్కొండ వజీరు మీర్ జుమ్లాకు సొంత జహాజుల దండే ఉండేది. పెగూ, అరకాన్, ఇరాన్, మోఖా దాకా అతని సరుకు పోయేది. బందరు నుంచి ఎర్ర సముద్రానికి పోయే ఓడల్లో బట్టల మూటలతో పాటు హజ్ యాత్రికులు కూడా ఉండేవారు. అంటే డెల్టా టేకు, డెల్టా మేకులు, డెల్టా మనుషుల చెమట కలిసి తయారైన జహాజుల మీదే ఒకప్పుడు ఇక్కడి హాజీలు బయల్దేరారు.

ఓడ మీద నౌకరీలకు పేర్లు చూడండి. ఓడ యజమాని లేదా కప్తాను నాఖుదా. ఫారసీలో దాని అర్థం నావకు ప్రభువు. దారి లెక్కలు చూసేవాడు మాలిమ్. అరబ్బీ ముఅల్లిమ్, మదరసాలో మనం ఉస్తాద్‌ని పిలిచే మాటే. మాలిమ్ కింద సరంగు, సరంగు కింద టండేలు, టండేలు కింద లస్కర్లు. ఈ వరసలో టండేలు దక్షిణాది మాట. తెలుగు, మలయాళాల్లో అది ముందు నుంచీ ఉంది. అరబ్బీ, ఫారసీ, తెలుగు మాటలు ఒకే ఓడ మీద పైనుంచి కింద దాకా నిచ్చెన మెట్లలా అమరిపోయాయి. ఏది ఎవరిది అని అక్కడ ఎవరూ పంచాయితీ పెట్టలేదు. గాలి మళ్ళినప్పుడు అందరికీ ఒకే క్షణంలో అర్థమైతే చాలు.

కోరంగి మట్టి గోదీ

18వ శతాబ్దంలో నర్సాపురం హవా తగ్గి, తూర్పు పాయ మీద కోరంగి పైకొచ్చింది. కాకినాడ నుంచి యానాం పోయే దారిలో ఉన్న ఊరే. ఇవాళ కోరంగి అంటే మడ అడవులు, చెక్క వంతెన మీద నడక, బోటు షికారు. 1978లో దాన్ని వన్యప్రాణి అభయారణ్యం చేశారు. మడ చెట్ల మధ్య సెల్ఫీ తీసుకుంటున్న కుర్రాడితో, ఇక్కడ సముద్రం దాటే ఓడలకు మరమ్మత్తు జరిగేది అంటే నమ్మడు.

చుట్టుపక్కల ఎంత సందడో చూడండి. పక్కనే ఇంజరంలో 1708లో ఇంగ్లీషువాళ్ళ కోఠీ. అక్కడి సన్నటి నూలు బట్టకు లండన్‌లో గిరాకీ. యానాంలో ఫ్రెంచివాళ్ళు. కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. మూడు యూరప్ ముల్కుల జెండాలు ఒక్క రోజు నడక దూరంలో ఎగిరేవి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి ఇంజరాన్ని పట్టుకున్నాడు. వాళ్ళు యుద్ధాలు చేసుకున్నా, అందరి ఓడలకూ పగుళ్ళు పూడ్చింది మాత్రం ఈ ఊళ్ళ మజ్దూర్లే.

కోరంగి ఖాసియత్ ఏమిటంటే గోదీ, అంటే ఓడను నీళ్ళలోంచి తీసి అడుగు బాగుచేసే చోటు. ఆ రోజుల్లో కలకత్తాకూ సిలోన్‌లోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను అలా ఎక్కించగల చోటు ఇదొక్కటే అని పేరు. డెల్టా నదుల్లో ఈ పని మట్టితోనే చేసేవారు. అమావాస్య, పున్నమి పోటుకు నీళ్ళు బాగా పైకొస్తాయి. ఆ పోటులో ఓడను ఒడ్డున తవ్విన గుంటలోకి లాగుతారు. పాటు మొదలయ్యేలోగా గుంట మూతికి మట్టి కట్ట వేస్తారు. లోపలి నీళ్ళు తోడేస్తే ఓడ అడుగు బయటపడుతుంది. పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో నార కూరి, గుగ్గిలం పూసి, మళ్ళీ పోటు రాగానే కట్ట తెగ్గొడితే ఓడ తేలుతుంది. పంపులు లేవు, యంత్రాలు లేవు. చంద్రుడి లెక్క, వందల చేతుల మెహనత్. మన ఇళ్ళలో రంజాన్‌కీ ఈద్‌కీ చాంద్ చూస్తాం. కోరంగి పనివాడు ఓడను దించడానికి చూసేవాడు.

1802లో ఎబెనిజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు ఇక్కడ పక్కా డాక్ కట్టించాడు. బ్రిటిష్ నౌకాదళం ఓడ ఆల్బట్రాస్ అందులో మరమ్మత్తు చేయించుకుంది. రికార్డులో ఆ ఓడ పేరుంది, డాక్ కట్టించిన దొర పేరుంది. పలకలు మార్చిన వాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

స్వాన్సీ రాగి

ఇక్కడ కాసేపు సముద్రాలు దాటి వెళ్ళాలి. వెచ్చటి ఉప్పునీళ్ళలో కొయ్యను తొలిచే ఒక రకం పురుగు ఉంటుంది. కొత్త ఓడైనా సరే, కొన్నేళ్ళలో అడుగంతా జల్లెడ చేసేస్తుంది. దానికి ఇలాజ్‌గా 1780 ప్రాంతంలో బ్రిటిష్ నౌకాదళం తన ఓడల అడుగుకు రాగి రేకులు కొట్టించింది. తర్వాత తిజారతీ జహాజులూ అదే దారి పట్టాయి.

రాగిని కరిగించడంలో అప్పట్లో దునియా మొత్తానికి పేరున్న ఊరు వేల్స్ తీరంలోని స్వాన్సీ. అక్కడ టావే నది లోయలో 1717లో మొదటి రాగి కొలిమి లేచింది. బొగ్గు అక్కడే దొరికేది. ఖనిజం ముందు కార్న్‌వాల్ నుంచి, తర్వాత చిలీ, క్యూబాల నుంచి ఓడల్లో వచ్చేది. 19వ శతాబ్దం మొదటి సగంలో బ్రిటన్ కరిగించిన రాగిలో సింహభాగం ఆ ఒక్క లోయదే. ఊరికి ‘కాపరోపొలిస్’ అని ముద్దుపేరు పెట్టారు, రాగి నగరం అని. ఈస్టిండియా కంపెనీ హిందుస్తాన్‌కు పంపిన సరుకుల్లో బ్రిటిష్ రాగిది పెద్ద వాటా. ఓడ అడుగున ఆ రేకులు చిరిగిపోతే మళ్ళీ కొట్టడానికి గోదీ కావాలి. కోరంగి విలువ అందుకే పెరిగింది. రేకు తయారుచేసే ఊరు ఒక కొస, రేకుకు మేకు కొట్టే ఊరు ఇంకో కొస.

రెండు ఊళ్ళూ పడిపోయాయి. స్వాన్సీ కొలిములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. రాగి పొగకు ఆ లోయలో చెట్టు మొలవని రోజులు వచ్చాయి. మిగిలింది బూడిద కుప్పలు. 1961 నుంచి యూనివర్సిటీ, మునిసిపాలిటీ కలిసి ఆ లోయను పరిశీలించి, మట్టిని బాగుచేసి, స్కూలు పిల్లల చేత చెట్లు నాటించారు. 1969లో ఊరికి నగర హోదా వచ్చింది. 2005లో పాత రేవు గోదాము ఒకటి కలుపుకుని, పరిశ్రమల చరిత్రకు జాతీయ మ్యూజియం తెరిచారు. పాత కొలిముల గోడల్ని ఇంకా బాగుచేస్తూనే ఉన్నారు. అక్కడి పిల్లవాడికి తన పర్‌దాదా రాగి కొలిమిలో పనిచేశాడని చెప్పుకోవడం ఫఖర్. మన పిల్లలకు కోరంగి పేరు వింటే బోటు టికెట్ గుర్తొస్తుంది. తేడా గోడల్లో లేదు. స్వాన్సీది ఇటుక, మనది మట్టి. మట్టి గోదీని నది తీసేసుకుంది. దాని యాద్ నిలపాల్సింది మనుషులు.

ఒక్క రాత్రిలో పోయిన ఊరా?

కోరంగి గురించి ఇంటర్నెట్‌లో వెతికితే ఒకటే కథ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. 1839 నవంబరులో తుపాను వచ్చింది, 40 అడుగుల ఉప్పెన లేచింది, 20 వేల ఓడలు ముక్కలయ్యాయి, 3 లక్షల మంది చచ్చిపోయారు, ఊరు తుడిచిపెట్టుకు పోయింది అని. ప్రపంచంలోని ఘోర తుపాన్ల జాబితాల్లో కోరంగి పైవరసలో ఉంటుంది. మనమూ ఈ అంకెను వాట్సాప్‌లో దాటిస్తున్నాం.

కాస్త హిసాబ్ చేద్దాం. అప్పటి రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా 1821లో 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో తగ్గింది ఒక లక్షా 77 వేలు. అందులో 1830ల కరువు చావులున్నాయి, పొట్టచేత పట్టుకుని వలసపోయినవాళ్ళున్నారు, తుపాన్లకు పోయినవాళ్ళూ ఉన్నారు. అన్నీ కలిపినా రెండు లక్షలు లేనప్పుడు ఒక్క రాత్రిలో 3 లక్షలు ఎలా పోతారు? 20 వేల ఓడలు నిలబడాలంటే ఎంత రేవు కావాలి?

తుపాను రాలేదని కాదు. 1839 తుపాను నిజం. దానికంటే యాభై ఏళ్ళ ముందు, 1789 డిసెంబరులో వచ్చినది ఇంకా భయంకరం. మూడు పెద్ద అలలు వరసగా ఊరి మీద పడ్డాయి, రేవులో ఉన్న ఓడలు పొలాల్లోకి కొట్టుకుపోయాయి, 20 వేల మంది పోయారని ఆనాటి అంచనా. అంతకు రెండేళ్ళ ముందు, 1787 మేలో ఇంకొకటి ఇంజరాన్నీ కోరంగినీ ముంచింది. కలకత్తాలో తుపాన్ల గురించి ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్‌టన్ కోరంగి తుపాను గురించి రాశాడు. సైక్లోన్ అనే మాట పుట్టించింది ఆయనే. మన తీరంలో పోయిన ప్రాణాలు ఆ మాట వెనకాల ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రిని చూసిన కోనసీమ, కాకినాడ కుటుంబాలకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

అయినా కోరంగి ఒక్క రాత్రిలో చావలేదు. 1787 తర్వాత లేచింది, 1789 తర్వాత లేచింది. 1802లో డాక్ కట్టింది ఆ ఉప్పెన దాటిన పదమూడేళ్ళకే కదా. 1839 తర్వాత కూడా అక్కడ ఓడ పని సాగింది. దాన్ని మెల్లగా చంపినవి వేరే ఉన్నాయి. ఒకటి ఒండ్రు. గోదావరి ఏటా తెచ్చిపోసే మట్టితో నదీముఖం పూడుకుపోయింది. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ గత రెండొందల ఏళ్ళలో అలా లేచిన ఇసుక దిబ్బే. రెండోది ఇనుము, ఆవిరి. ఇనప స్టీమరుకు లోతు నీళ్ళు కావాలి. దానికి రాగి రేకు అక్కర్లేదు, మట్టి గోదీ అక్కర్లేదు. మూడోది నూలు బట్ట పతనం. మాంచెస్టరు మిల్లు గుడ్డ వచ్చాక ఇంజరం కోఠీకి పని లేకపోయింది, 1829లో కంపెనీ దాన్ని మూసేసింది. నేతగాడు పడిపోతే గుడ్డ మోసే ఓడ పడిపోతుంది, ఓడ పడిపోతే వడ్రంగి పడిపోతాడు.

ఉప్పెన మీద నింద వేస్తే అందరికీ తేలిక. అది ఖుదా మర్జీ అనేసి ఊరుకోవచ్చు. నేతగాణ్ణీ ఓడ వడ్రంగినీ రోడ్డున పడేసిన వ్యాపార నిర్ణయాల గురించి ఎవరూ అడగరు. అందుకే ఆ 3 లక్షల అంకెను నేను ఇంతసేపు పట్టుకున్నాను.

కాకినాడ వంతు

1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. సర్ ఆర్థర్ కాటన్ పేరు డెల్టాలో తెలియనివాళ్ళు లేరు. ఆ కాలవలను పొలాలకు నీళ్ళివ్వడానికే కాకుండా పడవలు నడవడానికి కూడా వీలుగా తవ్వారు. ఎత్తుపల్లాలు దాటించడానికి లాకులు కట్టారు. లాకు తలుపు దగ్గర మనిషి కావాలి. ఓడ మీద తాడు పట్టే లస్కర్ పేరే అతనికీ వచ్చింది. ఫౌజు నుంచి జహాజుకు, జహాజు నుంచి కాలవ గట్టుకు దిగిన మాట ఇది. సరంగు కూడా అలాగే సముద్రం వదిలి నది లాంచీ ఎక్కాడు.

కాలవలతో కాకినాడ దశ తిరిగింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి, లాంకషైర్ మిల్లులు హిందుస్తాన్ వైపు చూశాయి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి కాకినాడ రేవు నుంచి వెళ్ళింది. ఆ ఎర్రజీర పత్తికి బజారులో పేరే ‘కోకనాడాస్’. పండించింది ఒకచోట, పేరు ఇంకోచోటిది. రేవు పేరు సరుకు పేరైపోవడం మదపోలం తర్వాత ఇది రెండోసారి.

కాకినాడ రేవు లోతు తక్కువ. స్టీమర్లు మైళ్ళ దూరంలో లంగరు వేసి నిలబడేవి. ఒడ్డు నుంచి పెద్ద నావల్లో సరుకు మోసి ఎక్కించాలి. కళాసీ లేకపోతే కాకినాడ లేదు. 1997లో లోతు నీటి రేవు తెరిచేదాకా రేవు ముఖ్యంగా ఆ కళాసీల భుజాల మీదే నడిచింది. పాత పద్ధతి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. డెల్టా బియ్యం ఆఫ్రికా దేశాలకు ఎక్కే ఓడలు కొన్ని ఇంకా దూరంగానే నిలబడతాయి.

1923 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభ కాకినాడలో జరిగింది. సదర్ మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్. మన ఇళ్ళలో పెద్దలు కాకినాడ పేరు గర్వంగా ఎత్తేది ఆ సభ కోసమే. అది న్యాయమే. కానీ మౌలానా మాట్లాడిన ఊళ్ళో ఆ వారం కూడా రేవులో మూటలు మోసిన వాళ్ళున్నారు. తారీఖ్‌లో వాళ్ళకూ ఒక కుర్చీ వేయాలి.

రంగూన్

రంగూన్ అనగానే ఉర్దూ చదువుకున్నవాళ్ళకు బహదూర్ షా జఫర్ గుర్తొస్తాడు. 1858లో దేశం దాటించారు, 1862 నవంబరులో అక్కడే కన్నుమూశాడు. సొంత నేల మీద రెండు గజాల చోటు దక్కలేదన్న బాధ మన షాయిరీలో ఎంతో ఉంది. అదే రంగూన్‌కు ఆ తర్వాతి దశాబ్దాల్లో కాకినాడ నుంచి స్టీమర్ల నిండా మనుషులు వెళ్ళారు. వాళ్ళ మీద షాయిరీ రాలేదు.

ఓడ కట్టే చేతులకూ, నేసే చేతులకూ ఇక్కడ పని తగ్గింది. బర్మాలో వరి మిల్లులు, రేవు గోదీలు, రిక్షాలు కూలీల కోసం ఎదురుచూస్తున్నాయి. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని పోగుచేసేవాడు. ఆ అప్పు తీరేదాకా మనిషి మేస్త్రీ చేతిలో ఉంటాడు. కోత కాలానికి వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు, ఏళ్ళ తరబడి ఉండిపోయేవాళ్ళు, అన్ని కులాలవాళ్ళు, అన్ని మజహబులవాళ్ళు. బర్మాలో ఈ తెలుగువాళ్ళందరికీ ఒకటే పేరు పడింది, కోరంగీ. మారిషస్‌లో కూడా తెలుగువాళ్ళను ఆ పేరుతోనే పిలిచారు. ఊరు పూడుకుపోయాక దాని పేరు మనుషుల మీదకు ఎక్కింది. రంగూన్ వీధుల్లో అది నెమ్మదిగా తిట్టుగా మారింది.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని హర్తాళ్ చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. నెలాఖరులో రాజీ కుదిరి పాతవాళ్ళను వెనక్కి తీసుకోగానే కొత్తవాళ్ళ పని పోయింది. పేదవాడికీ పేదవాడికీ మధ్య పోట్లాట పెట్టడం ఎంత ఆసానో చూడండి. రోజుల తరబడి దంగా సాగింది. వంద మందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఎక్కువ మంది తెలుగువాళ్ళే.

1942లో జపాన్ బర్మాలోకి దిగాక లక్షల మంది అడవి దారుల్లో నడిచి వచ్చారు. దారిలో ఆకలికీ, జ్వరాలకూ వేల మంది పోయారు. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ రేవు మీద కూడా బాంబులు వేశాయి. వెళ్ళిన రేవూ క్షేమం కాదు, చేరిన రేవూ క్షేమం కాదు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. ఆ పేరు ఎందుకొచ్చిందో అక్కడి పిల్లల్ని అడిగి చూడండి.

విరాసత్ ఎక్కడుంది

ఇవాళ కోరంగి దాటి సముద్రం వైపు పోతే తాళ్ళరేవు మండలంలోనే గాడిమొగ. 2009లో కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు సముద్రం అడుగు నుంచి ఒడ్డుకు చేరిన చోటు అది. పాత గోదీల నేల మీదకు కొత్త సనత్ వచ్చింది. తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే చేతులు ఇంకా ఉన్నాయి. నాలుగొందల ఏళ్ళ హునర్ అది. వడ్రంగులది, వాడబలిజలది, అగ్నికుల క్షత్రియులది, సరంగు, లస్కర్ నౌకరీలు చేసిన మనవాళ్ళది కూడా. ఏ ఒక్క ఖౌమూ ఇది నాదే అనడానికి లేదు, ఏ ఖౌమునూ నీది కాదు అనడానికీ లేదు.

ఈ మధ్య మన పిల్లల్ని ‘మీరు ఎక్కడి నుంచి వచ్చారు’ అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. స్కూల్లో అడుగుతున్నారు, ఇల్లు అద్దెకు అడగబోతే అడుగుతున్నారు. కోపం వస్తుంది. కోపంతో పాటు జవాబు కూడా చేతిలో ఉంటే మంచిది. లంగరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమనండి. లాకు దగ్గర లస్కర్, లాంచీ మీద సరంగు ఎక్కడివాళ్ళో చెప్పమనండి. ఆ మాటలు తీసేస్తే గోదావరి మీద పడవ నడవదు.

జవాబు చెప్పాలంటే ముందు మనకు తెలియాలి. మ్యూజియం సర్కారు కట్టినప్పుడు కడుతుంది. ఈలోగా ప్రతి ఇంట్లో ఒక పని చేయవచ్చు. మీ దాదాలు, నానాలు, నానీలు బతికుంటే కూర్చోబెట్టి అడగండి. మన ఖాందాన్‌లో రేవులో ఎవరు పనిచేశారు? రంగూన్ ఎవరు వెళ్ళారు, ఏ ఏడాది, ఏ మేస్త్రీ కింద? ఎవరు తిరిగొచ్చారు, ఎవరి కబర్ అక్కడే ఉండిపోయింది? సందూకులో పాత స్టీమరు టికెట్టో, మనీ ఆర్డరు ముక్కో, ఉర్దూలో రాసిన ఖతో ఉంటే పారేయకండి. ఉర్దూ చదవలేకపోతే చదివేవాళ్ళకు చూపించండి. ఫోటో తీసి, వెనకాల పేరు, ఊరు, సంవత్సరం రాసిపెట్టండి. తెలుగులో రాయండి, మీ పిల్లలు చదివేది అదే.

ఆల్బట్రాస్ ఓడ పేరు రెండొందల ఏళ్ళుగా కాగితం మీద ఉంది. దాని పలకలు మార్చినవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు కాబట్టి పోయాయి. మనవాళ్ళవి రాద్దాం.

ఖుదా హాఫిజ్.